పాదరక్షలు విడిచిన బాలుడు
(తాళ్ళపాక అన్నమాచార్యుని బాల్యము - పశ్చాత్తాపము)

తిరుమలకు కాలినడకను పోవు యాత్రికులు అలిపిరి యొద్ద పాదరక్షలను విడిచి మొదటి మెట్టుకు మ్రొక్కుదురు. అచటి పాదాల మండపమున స్వామివారి లోహపాదుకలను శిరస్సున దాల్చి ప్రదక్షిణము చేయుదురు. పెరటాసి శనివారములలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతముల నుండి పిల్లాపాపలతో వచ్చు గృహస్థులకు కొండ నడక తరతరముల వాడుక. మదనపల్లెవారు పీలేరు మీదుగాను, కుప్పమువారు పలమనేరు, చిత్తూరుల మీదుగాను వచ్చి కొండ పాదమున కలిసికొందురు. వారి వెంట వచ్చు పసివారిలో ఎవరో యొకరు చెప్పులెందుకు విడువవలెనని అడుగక మానరు. ఆ ప్రశ్నకు పెద్దలు చెప్పదగిన సమాధానము ఒక బాలుని చరిత్రలో నున్నది. ఆ బాలుడే తాళ్ళపాక అన్నమాచార్యులు.

పదకవితా పితామహుడుగా అన్నమాచార్యుల నెరుగని తెలుగు గృహము లేదు. ఆయన క్రీ.శ. 1408వ సంవత్సరమున, వైశాఖ మాసమున, విశాఖా నక్షత్రమున జన్మించెను. తాళ్ళపాక గ్రామము కడప సీమలో రాజంపేటకు సమీపమున నున్నది. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. 1503వ సంవత్సరమున పరమపదించువరకు ఆయన స్వామిని కీర్తించుచునే యుండెను. ఆయన పాడిన సంకీర్తనలు 32,000 అని ప్రసిద్ధి. ఇంతటి మహావృక్షమునకు మొలక వంటిది ఆయన బాల్యములోని యొక చిన్న ఘట్టము. తాను చేసినది తగనిదని ఎనిమిదేండ్ల ప్రాయమున తానే గుర్తించి, మనసు కరగి, మారిన ఘట్టమది.

పశ్చాత్తాపము అను మాటలోనే దాని స్వరూపము కలదు. పని జరిగిన పిమ్మట కలుగు తాపము అది. భయము పనికి ముందును కలుగును, పిమ్మటను కలుగును. పశ్చాత్తాపము మాత్రము వెనుదిరిగి చూడగలిగిన మనస్సునకే కలుగును. అట్లు వెనుదిరిగి చూచు శక్తి శిశువునకు పుట్టుకతో రాదు. అది ఒక వయస్సున, తగిన ఆదరమున మొలకెత్తును. ఆ మొలకను పెంచుటయు త్రుంచుటయు పెద్దల చేతిలో నున్నవి. తాళ్ళపాకవారి వంశమున ఈ రెంటికిని దృష్టాంతములు కనబడును. అన్నమాచార్యుల మనుమడు తాళ్ళపాక చిన్నన్న తాతగారి చరిత్రను ద్విపద కావ్యముగా రచించెను. అన్నమాచార్య చరిత్రము అను ఆ గ్రంథమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1949లో ప్రకటించిరి. తమ వంశపు పిల్లల పొరపాట్లను చిన్నన్న అందు దాచలేదు. వానిని చెప్పిననే భగవంతుని కృప తెలియునని ఆయన భావించినట్లున్నది.

మొదటి దృష్టాంతము అన్నమయ్య పుట్టుటకు చాల ముందటిది. ఆ వంశపు పూర్వీకులలో నారాయణయ్య యనువాడు బాల్యమున చదువు వంటబట్టక బాధపడెను. పెద్దలు అతనిని ఊటుకూరునకు చదువుకై పంపిరి. అక్కడి గురువులు ఎన్ని విధముల దండించినను అక్షరము అతని నాలుకకు రాలేదు. తోటివారి యెదుట అవమానము, ఒంటిపై దెబ్బలు, ఇంటికి దూరము. ఇన్నిటి నడుమ ఆ పిల్లవాడు బ్రతుకుపై విసిగెను. ఊరి చింతలమ్మ గుడికి పోయి, అచటి పుట్టలో పాము కలదని తెలిసి, దాని కాటుచే మరణింపనెంచి చేయి పెట్టెను. అమ్మవారు ప్రత్యక్షమై అతనిని వారించి, తాళ్ళపాక చెన్నకేశవుని సేవింపుమని చెప్పి, ఆ వంశమున హరిభక్తుడు జన్మించునని వరమిచ్చెనని కథ.

ఈ కథను చదువునపుడు అమ్మవారి వరమును తలచి ఆనందించుట సహజము. కాని వరమునకు ముందు ఆ పిల్లవాని చేయి ఎక్కడ నున్నదో కూడ తల్లిదండ్రులు తలపవలెను. అతడు చేసిన అపరాధము ఏమియు లేదు. చదువు రాకపోవుట తప్పు కాదు. దండన వలన అతనికి కలిగినది పశ్చాత్తాపము కాదు, తాను పనికిరానివాడనను నిరాశ. పశ్చాత్తాపము తాను చేసిన పనిని చూచి కలుగును. నిరాశ తన్ను తానే ద్వేషించుకొనుట వలన కలుగును. పైకి రెండును కన్నీరు గానే కనబడును. ఒకటి మనిషిని దిద్దును, మరియొకటి పుట్ట యొద్దకు నడిపించును.

రెండవ దృష్టాంతము అన్నమయ్య. నారాయణసూరి దంపతులు తిరుమలేశుని వేడుకొనగా పుట్టిన బిడ్డ. చిన్ననాటినుండియే పాట అతని ఊపిరియై యుండెను. అయితే ఉమ్మడి కుటుంబములో పాటలతో ప్రొద్దు పుచ్చు బాలునికి పని చెప్పువారు ఉండకపోరు. ఒకనాడు పశువులకు గడ్డి కోసి తెమ్మని ఇంటివారు అతనిని పంపిరి. కొడవలి పట్టి గడ్డి కోయుచుండగా చిటికెనవ్రేలు తెగి రక్తము కారెను. పుంగనూరు, కుప్పం సీమలలో పాడిపశువులున్న ఇండ్ల పిల్లలకు కొడవలి గాటు క్రొత్తది కాదు. ఏడ్చి, ఆకు పసరు పిండుకొని, మోపు ఎత్తుకొని వత్తురు. అన్నమయ్యకు మాత్రము ఆ నొప్పిలో తన వారెవరను ప్రశ్న పుట్టినది. అదే సమయమున ఆ త్రోవను గోవిందనామములతో తిరుమల యాత్రికులు పోవుచుండిరి. బాలుడు కొడవలిని అక్కడనే విడిచి వారిలో కలిసెను. అప్పటికి అతనికి ఎనిమిదేండ్లని చెప్పుదురు.

అలిపిరి దాటి బాలుడు కొండ నెక్కసాగెను. యాత్రికులు ముందునకు సాగిపోయిరి. ఎండ, ఆకలి, అలసట కలిసి బాధించెను. మోకాళ్ళ పర్వతమను కఠినమైన చోట అతడు ముందునకు అడుగు వేయలేకపోయెను. భగవద్రామానుజులు ఈ కొండను కాలితో త్రొక్క నొల్లక మోకాళ్ళతో ఎక్కిరని ఆ చోటును గూర్చి సంప్రదాయము చెప్పును. అట్టి చోటనే ఈ బాలుడు చెప్పులు తొడిగికొని నిలిచియుండెను. అది ధిక్కారము కాదు. కొండ మహిమ అతనికి తెలియదు, తెలిపినవారును లేరు. దారి తోచక, ఒక వెదురుపొద నీడను బండపై పండుకొని నిదురించెను.

అప్పుడు అలమేలుమంగమ్మ పెద్ద ముత్తైదువ వలె వచ్చి బిడ్డను లాలించెనని చిన్నన్న వర్ణించెను. కొండ యంతయు సాలగ్రామమయమనియు, పాదరక్షలతో ఎక్కుట చేతనే దారి కానరాలేదనియు ఆమె తెలిపెను. తానును స్వామియు ఆరగించిన ప్రసాదము నొసగి ఆకలి తీర్చెను. తప్పు తెలుపుటయు, అన్నము పెట్టుటయు ఒకే చేతి పని యైనది. ఆమె కేకలు వేయలేదు, కొట్టలేదు, కొండ దిగి పొమ్మనలేదు. బాలుడు చెప్పులు విడిచి చూడగా, అంతవరకు ఉత్త రాయిగా తోచిన కొండ తేజోమయమై కనబడెను. ఇంతటి దానిని ఇంతసేపు త్రొక్కితినే యని అతని మనసు కరగెను. ఆ కరగిన మనస్సునుండి అమ్మను స్తుతించు శతకము ఆశువుగా వెలువడెను.

ఈ ఘట్టమున పశ్చాత్తాపము పుట్టిన క్షణమును గమనింపవలెను. అమ్మవారు మాట చెప్పిన క్షణమున కాదు, చెప్పులు విడిచి కొండను మరల చూచిన క్షణమున అది పుట్టినది. తాను ఎక్కిన విధము ఒకటి, ఎక్కదగిన విధము మరియొకటి. రెండును ఒకేసారి కన్నులకు కట్టినప్పుడు గుండెలో తాపము కలిగినది. జరిగినదానిని, జరుగదగియుండిన దానిని ప్రక్కప్రక్కన నిలిపి చూడగలుగుటయే పశ్చాత్తాపమునకు మూలము.

నేటి శిశుమనస్తత్త్వ శాస్త్రజ్ఞులును ఈ మాటయే చెప్పుచున్నారు. వారి పరీక్ష మిక్కిలి సులభమైనది. పిల్లవాని యెదుట రెండు పెట్టెలుంచి ఒకదానిని కోరుకొనుమందురు. అందు చిన్న బహుమానము ఉండును. ఎట్లున్నదని అడిగిన పిదప, కోరని పెట్టెను తెరచి అందలి పెద్ద బహుమానమును చూపుదురు. ఇప్పుడెట్లున్నదని మరల అడుగుదురు. ఐదేండ్లవారు సాధారణముగా తమ చేతిలోని దానినే చూచి సంతసింతురు. ఆరేడేండ్ల ప్రాయమున పిల్లవాని ముఖము వాడును, రెండవది తీసికొనియుండిన బాగుండెడిదని తోచును. ఐర్లాండు ద్వీపమునందలి బెల్‌ఫాస్ట్ నగరపు క్వీన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో మరియొక విశేషమును ప్రకటించిరి. ఆరేడేండ్ల పిల్లలలో ఇట్టి చింతను అనుభవించినవారు తరువాతి తూరి మెరుగైన దానిని ఎన్నుకొనుటలో ముందుండిరి. చింత వ్యర్థము కాదు, అది బుద్ధికి గురువు.

స్విట్జర్లాండు దేశీయుడైన జీన్ పియాజే అను పండితుడు 1932లో ప్రకటించిన గ్రంథమున మరియొక పరీక్ష కలదు. ఒక బాలుడు తలుపు తెరచునపుడు దాని వెనుకనున్న పదునైదు గిన్నెలు తెలియక పగిలినవి. మరియొకడు చాటుగా తినుబండారము తీయబోయి ఒక్క గిన్నె పగులగొట్టెను. ఎవని తప్పు పెద్దదని అడిగినచో, మిక్కిలి చిన్నవారు పదునైదు పగులగొట్టిన వానిదే యందురు. వయస్సు వచ్చినకొలది, ఉద్దేశమును చూచి తీర్పు చెప్పుదురు. పెద్దలలో ఎందరు ఈ రెండవ మెట్టున నిలుతురు? ఇంట పాలచెంబు పొరలినప్పుడు పాల విలువను చూచి కోపింతుమా, బిడ్డ మనస్సును చూచి పలుకుదుమా? అలమేలుమంగమ్మ చెప్పులను చూచెను, చెప్పులలోని పసిపాదములను, వాని బొబ్బలను కూడ చూచెను.

శ్రీవైష్ణవ సంప్రదాయమున లక్ష్మీదేవికి పురుషకారమను గొప్ప స్థానము కలదు. అపరాధియైన జీవుని పక్షమున ఆమె స్వామి యెదుట పలుకును. తండ్రి న్యాయమునకు ముందు తల్లి దయ నిలుచును. జీవుని పక్షమున కావలసినది కార్పణ్యము, అనగా తన చేతకానితనమును తానే ఒప్పుకొనుట. శరణాగతికి ఇదియొక అంగము. మోకాళ్ళ పర్వతముపై జరిగినది ఈ తత్త్వమునకు బొమ్మకట్టి చూపినట్లున్నది. తల్లి ముందు వచ్చినది, బిడ్డ తన తప్పును ఒప్పుకొన్నాడు, స్వామి దర్శనము పిమ్మట లభించినది. ఇంటిలో కూడ వరుస ఇదియే యైనచో పిల్లలు తప్పును దాచనేర్వరు.

కొండ చేరిన బాలుడు స్వామిని దర్శించి అచటనే యుండగోరెను. ఘనవిష్ణువను వైష్ణవాచార్యుడు అతనికి పంచసంస్కారములు చేసి వైష్ణవుని గావించెను. తల్లిదండ్రులు వెదకికొనుచు వచ్చి అతనిని ఇంటికి తోడ్కొని పోయిరి. బిడ్డ యిల్లు విడిచి పోవునంతటి మాట యేదో తమ యింట పలుకబడినదని వారును ఎంత నొచ్చుకొనియుందురో ఊహించుకొనవచ్చును. యుక్తవయస్సున తిమ్మక్క, అక్కలమ్మ అను కన్యలను అతనికిచ్చి వివాహము చేసిరి. ఆ తిమ్మక్కయే సుభద్రాకల్యాణమును రచించిన కవయిత్రి. తరువాత అన్నమయ్య అహోబిలమున శఠకోపయతి సన్నిధిని వేదాంతము నభ్యసించెను. పదునారవ యేట, క్రోధి సంవత్సరమున, అనగా 1424లో స్వామి ఆనతితో సంకీర్తనారచన మొదలైనదని రాగిరేకులపై చెక్కబడియున్నది.

పెద్దల పశ్చాత్తాపమును గూర్చిన కథయు ఆయన చరిత్రలో కలదు. ఆయన పాటను మెచ్చిన సాళువ నరసింహరాయలు తనపై కూడ అట్టి శృంగారపదము చెప్పుమని కోరెను. హరిని కీర్తించు నోట నరుని కీర్తింపజాలనని అన్నమయ్య నిరాకరించెను. రాజు కోపించి సంకెలలు వేయించెను. స్వామిని వేడుకొనగా సంకెలలు తెగిపడెను. అది కన్నులార చూచిన పిమ్మట గాని రాజు తన తప్పు నెరిగి క్షమాపణ వేడలేదు. బాలునికి ఒక్క మెత్తని మాట చాలెను, రాజునకు ఇనుము తెగవలసి వచ్చెను. లేత వయస్సున మెత్తబడనేర్చిన మనస్సు పెద్దయైనను మెత్తబడును. ఆ శిక్షణ లేని మనస్సు అధికారము వచ్చిన పిదప గట్టిపడిపోవును.

అన్నమయ్య మనస్సు మాత్రము కడవరకు మెత్తగనే యుండెను. ఆయన అధ్యాత్మ సంకీర్తనలలో ఎన్నింటనో తన చపలత్వమును, తన మరపును, తన మోసమును తానే స్వామికి చెప్పుకొనును. లోకము నింద చేయునని కాదు, అమ్మ వినునని చెప్పుకొనును. మోకాళ్ళ పర్వతముపై ఏడ్చిన బాలుడు ఆ పాటలలో మరల మరల కనబడును. ఆయన తిరిగిన ఊళ్ళ దేవతలనెల్ల కీర్తించెను. మదనపల్లెకు చేరువనున్న వాయల్పాటి రాముడు ఆ పాటలలో వావిలిపాటి రాముడై వెలసెను. ఆ సంకీర్తనలను పుత్రపౌత్రులు రెండువేలకు మించిన రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున భద్రపరచిరి. అవి శతాబ్దముల పాటు మరుగుపడి యుండి ఇరువదవ శతాబ్దమున మరల వెలుగు చూచినవి.

ఈ వాయల్పాటి సీమలోనిదే తరిగొండ. అచట 1730లో జన్మించిన వెంగమాంబ బాల్యమునుండియే నృసింహస్వామి భక్తురాలు. తండ్రి ఆమెను మదనపల్లెలోని సుబ్రహ్మణ్యశాస్త్రిగారి యొద్దకు చదువునకు పంపెను. ఆ గురువు శిష్యురాలి తేజమును గుర్తించి, అనతికాలముననే తాను నేర్పవలసినది లేదని చెప్పెనని ప్రతీతి. ఊటుకూరి గురువులు బిడ్డకు రానిదానిని మాత్రమే చూచిరి, మదనపల్లె గురువు బిడ్డలో నున్నదానిని చూచెను. బాలవితంతువై లోకుల మాటలు పడినను వెంగమాంబ మనస్సు చెదరలేదు. తిరుమల చేరి, వేంకటాచల మాహాత్మ్యము మొదలగు కావ్యములు రచించి, 1817లో స్వామి సన్నిధిని చేరెను. తిరుమలలో వేలాదిమందికి అన్నప్రసాదమిడు భవనము 2011 నుండి ఆమె పేరనే యున్నది.

పిల్లలు గల గృహస్థులు ఈ చరిత్రనుండి గ్రహింపదగినది కష్టమైనది కాదు. ఐదేండ్ల లోపు బిడ్డ తప్పు చేసి నవ్వినచో వాడు దుష్టుడని తలపరాదు. వెనుదిరిగి చూచు కన్ను ఇంకను తెరువలేదని తెలియవలెను. ఏడెనిమిదేండ్ల బిడ్డ తప్పు చేసినప్పుడు ముందు వాని ఆకలి, అలసట, భయము తీర్పవలెను. పిమ్మట జరిగినదేమి, జరుగదగినదేమి అని రెండును వాని కన్నులకే చూపవలెను. చెల్లెలి బొమ్మ విరిచినవానికి చెల్లెలి ముఖమును చూపిన చాలును. వాని కన్ను చెమ్మగిల్లిన పిదప మరల నిందింపరాదు, నలుగురిలో చెప్పి నవ్వరాదు. బదులు ఒక మంచి పనిని చూపవలెను. విరిగిన బొమ్మను అతికించుటయో, చెల్లెలిని ఆడించుటయో కావచ్చును. అన్నమయ్యకు ఆ పని శతకమైనది. పనిగా మారని పశ్చాత్తాపము గుండెలో ముల్లుగా మిగులును.

పిల్లలకు మాట చెప్పుటకు ముందు పెద్దలు తమ తప్పులను ఒప్పుకొనుటయు అవసరము. తండ్రి తొందరపడి కొట్టినచో, తొందరపడితినని బిడ్డతో చెప్పుట చిన్నతనము కాదు. తన వంశపు లోపములను కావ్యమున వ్రాసిన చిన్నన్న వలన తాళ్ళపాకవారి కీర్తి పెరిగినదే గాని తరుగలేదు.

తిరుమలలో రాత్రి ఏకాంతసేవ వేళ తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి జరుగుట ఆచారము. లోకమునకు తండ్రియైన స్వామిని ఆ సమయమున బిడ్డను వలె నిదురపుచ్చుదురు. దినమంతయు అందరి అపరాధములను విన్న స్వామికి జోల పాడు వంశము, కొండపై చెప్పులతో నిదురించిన యొక బిడ్డను అమ్మ మేలుకొలిపిన వంశమే. ఆ బిడ్డను ఆమె కసరినచో ఆ పాట పుట్టియుండెడిది కాదు.